గుండె మాత్రకును లెక్క కావలెను

తూచక సరకు కొనని మనము, ప్రాణముతో ముడిపడిన మందు విషయమున ఉపేక్ష వహింపరాదు. హృద్రోగులకు వైద్యులు వ్రాసెడి డిగాక్సిన్ మాత్ర చిన్నదే గాని, దాని మేలునకును కీడునకును నడుమ నున్న యెడము మిక్కిలి స్వల్పము. ఈ జాతి మందు హద్దుమీరినచో వాంతులగుననియు, వస్తువులు పచ్చగా కనబడుననియు ఆంగ్లవైద్యుడు విలియం విథరింగ్ 1785 లోనే గ్రంథస్థము చేసెను.

గుండె బలహీనతకు వాడునపుడు ఈ మందు రక్తమున మిల్లీలీటరునకు 0.5 మొదలు 0.9 నానోగ్రాముల వరకుండుట మేలని వైద్యుల మతము. 2 దాటినచో ప్రమాదము హెచ్చు. ఇది చాలవరకు మూత్రపిండముల ద్వారా వెలికిపోవును గనుక, వృద్ధులలో అవి మందగించినచో పాత మోతాదే రక్తమున పేరుకొనును. నీరు తీయు మాత్రలచే పొటాషియము తగ్గినను ముప్పే. అనుమానము కలిగినపుడు రక్తపరీక్షయే దారి చూపును. అయితే మాత్ర వేసికొనిన 6 గంటలు గడచిన పిదపనే రక్తము తీయవలెను. ముందు తీసినచో లెక్క అధికముగ కనబడి వైద్యుని తప్పుదారి పట్టించును.

బజారున తమిళము ధారాళముగ మాటాడు మన పెద్దలకు సైతము ఒంటి బాధ చెప్పుకొనుటకు వచ్చునది ఇంటి తెలుగే. ఆకలి లేకుండుట, వికారము, నాడి నెమ్మదించుట వంటివి వారు వైద్యునకు విప్పి చెప్పలేక "బాగుగనే యున్నది" అని వచ్చుచున్నారు. కావున యువకులు వారి వెంట వెళ్లి, మందుచీట్లన్నియు చూపి, మాత్ర వేసికొన్న వేళను తెలిపి, పరీక్ష అవసరమా యని అడుగవలెను. వైద్యుని యనుమతి లేక మాత్ర మానుటయు, పెంచుటయు కూడదని మా మనవి.