సున్నయు, ఆంగ్లేయుల సంధియు

ఆంగ్లమును పుస్తకమున చక్కగా చదువగలిగియు, అదే మాట ఎదుటివారు పలికినపుడు గ్రహింపలేకున్నామని మన చదువరులలో కొందరు వ్రాసిరి. ఆ చిక్కు విప్పుటకు ముందుగా మన సున్నను చూతము.

సంకటము, సంచి, సంతకము, సంపెంగ. ఈ నాలుగు మాటలను బిగ్గరగా పలికి చూడుడు. వ్రాసినది ఒక్కటే సున్న. పలికినపుడో, అది కకారమునకు ముందు ఙకారమును, చకారమునకు ముందు ఞకారమును, తకారమునకు ముందు నకారమును, పకారమునకు ముందు పెదవులు మూసికొని మకారమును అగుచున్నది. రాబోవు అక్షరమునకై నోరు ముందుగనే సిద్ధపడుటయే దీనికి కారణము. పాణిని దీనిని పరసవర్ణమనెను.

ఆంగ్లేయుల నకారమును ఇట్టిదే. 'టెన్' అనునది ఒంటిగా నున్నపుడు నకారాంతమే. 'బాయ్స్' వచ్చి చేరగానే, త్వరగా మాటలాడువారి నోట 'టెమ్‌బాయ్స్' అగును. 'గర్ల్స్' వచ్చెనా, 'టెఙ్‌గర్ల్స్'. 'హ్యాండ్‌బ్యాగ్' అను మాటలో నడిమి డకారము నలిగిపోయి, నకారము మకారమై 'హ్యామ్‌బ్యాగ్' అని వినబడును. 'కప్', 'బోర్డ్' కూడిన మాటలో పకారము బకారమున లీనమైనది. మన యిండ్లలో 'కబ్బోర్డు' అనుట దానికి దగ్గరగనే యున్నది. ఇదంతయు వారి వ్రాతలో కానరాదు, నోట మాత్రము అడుగడుగునను కలదు. పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞులు ఇట్టి మార్పులకు మన 'సంధి' శబ్దమునే యథాతథముగా వాడుచున్నారు.

పరుష సరళముల పొత్తు మరియొక విధము. తద్, కాలము కలిసి తత్కాలమగుట మీరెరిగినదే. ఆంగ్లమున భూతకాల క్రియల చివర వ్రాయునది డకారమే యైనను, 'వాక్', 'లాఫ్', 'కుక్' మొదలగువాని వెనుక అది టకారమై 'వాక్ట్', 'లాఫ్ట్', 'కుక్ట్' అని వినబడును. 'కాల్', 'బెగ్' వంటివాని వెనుక డకారముగనే నిలుచును. ఇచ్చట పూర్వాక్షరము పరాక్షరమును మార్చినది. 'హ్యావ్ టు' అనునది 'హ్యాఫ్ టు' అగుటలోనో, పరాక్షరమే పూర్వాక్షరమును లొంగదీసినది. అత్తాకోడండ్రవలె, ఎవరి మాట నెగ్గునో చోటును బట్టి యుండును!

ఇంకొకటి నాకు మిక్కిలి ప్రియమైనది. 'డిడ్ యు' అనునది 'డిజు' అనియు, 'డోన్ట్ యు' అనునది 'డోంచు' అనియు వినబడును. డకార టకారములు యకారముతో కలిసి, రెండును రూపుమాసి, తాలవ్యము పుట్టుచున్నది. సంస్కృత నాటకములు చదివినవారికిది క్రొత్త కాదు. శకుంతల మొదలగు స్త్రీపాత్రలు పలుకు ప్రాకృతమున సత్యము 'సచ్చ' యగును, అద్య 'అజ్జ' యగును, విద్య 'విజ్జ' యగును. నాయకునకు సంస్కృతమును నాయికకు ప్రాకృతమును ఉండుట చూచి, స్త్రీల నోట భాష చెడునని పరిహసించువారు కలరు. ఆ న్యాయమే వర్తించునేని, లండను నగరమందలి విద్యావంతులందరి నోటను భాష చెడినదే యనవలెను. 'నేచర్', 'పిక్చర్' అను మాటలలోని చకారము ఒకప్పుడిట్లు పుట్టినదే. నేడు దానిని తప్పనువారెవరును లేరు.

ఇది మన చెవికి అందకుండుటకు కారణము కొంత తెలుగునందే కలదు. మనది అజంతభాష. 'బస్', 'కార్' అనుటకు మారుగా బస్సు, కారు అందుము. పదాంతమున అచ్చును నిలిపి రెండు హల్లులు తాకకుండ చేయుదుము. 'టెన్ను బాయ్సు' అనువారికి నకార బకారముల కలయికయే లేదు. బడిలోనో, ఒక్కొక్క మాటను విడదీసి అక్షరక్రమముతో నేర్పుదురు. 1917లో డానియల్ జోన్సు ప్రకటించిన ఉచ్చారణ నిఘంటువు వంటి గొప్ప గ్రంథమును సయితము ఒక్కొక్క పదము పలుకుబడినే వరుసగా చూపును గదా.

మా యింటిప్రక్క నొక బాలిక నర్సు విద్య ముగించి ఇంగ్లండునకు పోవ నుద్యమించుచున్నది. వ్రాతపరీక్షకు ఆమెకు జంకు లేదు. వినికిడి పరీక్షకై సాధన చేయునపుడు మాత్రము సగము మాటలు జారిపోవుచుండ, "పిన్నిగారూ, నాకు ఇంగ్లీషే రాదు" అని కన్నీరు పెట్టుకొన్నది. తల్లిదండ్రులు అప్పు చేసి చదివించిరి. ఆ పరీక్ష తప్పిన ప్రయాణమే యాగును. వచ్చిన విద్యను రాలేదనుకొని అధైర్యపడుట ఎంత యన్యాయము! నేను చెప్పిన యుపాయమిది: ప్రతిదినము ఆంగ్లవార్తలలో రెండు నిమిషముల భాగమును వినవలెను, అర్థమునకై తడుముకొనక, విన్నది విన్నట్లు తెలుగులిపిలో వ్రాయవలెను, పిమ్మట ఆంగ్లపాఠమును ప్రక్కన నుంచి పోల్చవలెను. ధ్వనిని పట్టుటకు మన లిపి మిక్కిలి అనుకూలము. మొదటి వారమున 'టెమ్ మినిట్స్' అని తానే వ్రాసి, పాఠమున 'టెన్' ఉండుట చూచి నవ్వుకొన్నది.

ఇవన్నియు పలుకుటకును నేర్వవలెనా యని అడుగుదురేమో. అక్కరలేదు. 'టెన్ బాయ్స్' అని నకారమును నిలిపి నిదానముగా పలికిన తప్పు లేదు. ఆంగ్లేయులును నిదానించినపుడట్లే పలుకుదురు. భూతకాలపు టకారము మాత్రము అట్టిది కాదు. ఎంత నిదానించినను వారు 'వాక్ట్' అనియే యందురు గనుక, దానిని నోటికి నేర్పుకొనుటయే మేలు.