దద్దుర్లు పొక్కితే గండం గడిచినట్టేనా?

పసిబిడ్డకు మూడు నాలుగు రోజులు జ్వరం కాసి ఒంటిమీద దద్దుర్లు పొక్కగానే మన ఇళ్లలో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. "లోపలి వేడంతా బయటపడింది, ఇక భయం లేదు" అంటారు. ఆ ఒక్క మాటతో మందులు ఆగిపోతాయి. గుమ్మానికి వేపమండలు ఎక్కుతాయి. ఆసుపత్రికి తీసుకెళ్దామన్న కోడలిని "అమ్మవారు పోసినప్పుడు సూదీ మందూ తగలకూడదమ్మా" అని ఆపేస్తారు. బిడ్డ మీది ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఈ నమ్మకం తప్పు. పసిపిల్లల విషయంలో ప్రమాదం కూడా.

ఇది ఊరికే పుట్టిన నమ్మకం కాదు. ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య వయసు పిల్లలకు రోజియోలా అనే వైరస్ జబ్బు తరచుగా వస్తుంది. మూడు నుంచి ఐదు రోజులు 103, 104 డిగ్రీల జ్వరం కాసి ఉన్నట్టుండి దిగిపోతుంది. దిగాకే పొట్ట మీదా వీపు మీదా గులాబీ రంగు చుక్కలు మొదలై మెడకూ చేతులకూ పాకుతాయి. దురద ఉండదు. బిడ్డ పాలు తాగుతుంది, ఆడుకుంటుంది. రెండు మూడు రోజుల్లో మచ్చ మిగలకుండా అవే పోతాయి, మందుతో పనిలేదు. ఇలాంటి పిల్లల్ని ఎందరినో చూసిన నానమ్మలకు దద్దుర్లు శుభసూచకంగా కనిపించడంలో వింత లేదు. ఒక జబ్బుకు సరిపోయిన మాటను జ్వరంతో వచ్చే ప్రతి దద్దుకూ అంటగట్టడమే అసలు తప్పు.

తట్టునే తీసుకోండి. అందులో లెక్క తలకిందులు. ముందు జ్వరంతో పాటు జలుబు, దగ్గు, ఎర్రబడి నీరు కారే కళ్లు. బుగ్గల లోపలి వైపు చూస్తే ఉప్పురవ్వల్లాంటి తెల్లని చుక్కలు. ఆ తర్వాత చెవుల వెనకా నుదుటి వెంట్రుకల మొదట్లోనూ దద్దుర్లు లేచి ముఖం మీదుగా ఒళ్లంతా దిగుతాయి. దద్దుర్లు వచ్చినా జ్వరం తగ్గదు, ఇంకా ఎక్కువవుతుంది. అంటే "బయటపడింది" అని మనం నిశ్చింతగా కూర్చునే వేళకు జబ్బు ముదురుతూ ఉంటుంది. న్యుమోనియా, విరేచనాలు, కంటిచూపు దెబ్బతినడం దీనివెంట వచ్చే ఆపదలు. ఈ బిడ్డకు వరసగా రెండు రోజులు వయసును బట్టి విటమిన్ ఏ మోతాదు పడాలి. మనమేమో పథ్యం పేరుతో పప్పూ గుడ్డూ కూడా మాన్పిస్తాం. పైగా దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచి నాలుగు రోజుల తర్వాత దాకా ఇది ఇతరులకు అంటుతుంది. తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాకే వేస్తారు కాబట్టి, చూడవచ్చిన వాళ్ల చంకలోని ఆరు నెలల పాపకు టీకా రక్షణ ఉండదు.

డెంగీ ఇంకా మోసకారి. అందులో జ్వరం నిజంగానే దిగుతుంది, దద్దుర్లూ రావచ్చు. చూస్తే అచ్చం గండం గడిచినట్టే ఉంటుంది. కానీ జ్వరం దిగాక వచ్చే ఒకటి రెండు రోజులే డెంగీలో గండం. రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరిపోయి బిడ్డ షాక్‌లోకి వెళ్లేది అప్పుడే. ఆగని వాంతులు, కడుపునొప్పి, చల్లబడిన చేతులు కాళ్లు, మూత్రం తగ్గడం, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, లేపినా మగతగా ఉండటం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

జపాన్‌లో డాక్టర్ తొమిసాకు కవాసాకి 1967లో వివరించిన జబ్బు మరొకటుంది. జ్వరం ఐదు రోజులు దాటుతుంది. పుసి కట్టకుండానే కళ్లు ఎర్రబడతాయి. పెదవులు పగులుతాయి, నాలుక ఎర్రగా గరుకెక్కుతుంది, అరచేతులు ఉబ్బుతాయి. కొందరికి భుజం మీది బీసీజీ మచ్చ ఎర్రగా రేగుతుంది. మొదటి పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తే గుండె రక్తనాళాలు దెబ్బతినే ముప్పు బాగా తగ్గుతుంది. వేపాకుల మీద పడుకోబెట్టి మూడో స్నానం కోసం ఎదురుచూస్తే పోయేవి ఆ పది రోజులే.

నమ్మకాల జోలికి వస్తున్నావంటారేమో. అమ్మవారి పేరు మీద మందు మానేయడం మసూచి కాలం అలవాటు. అప్పుడు ఆ జబ్బుకు మందే లేదు. 1975 తర్వాత మన దేశంలో మసూచి లేదు. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. దాన్ని తరిమింది టీకా. టీకా వేయించుకున్నందుకు పోలేరమ్మకు కోపం రాలేదు, జాతరలూ ఆగలేదు. మొక్కు మొక్కుకోండి, పసుపునీళ్లు చల్లండి. బిడ్డను మాత్రం డాక్టరుకు చూపించండి.

ప్రతి చుక్కకూ ఆసుపత్రికి పరుగెత్తగలమా అన్నది న్యాయమైన ప్రశ్న. అక్కర్లేదు. ముందు బిడ్డను సరిగ్గా చూడటం నేర్చుకోవాలి. పగటి వెలుగులో బట్టలన్నీ విప్పి చూడండి. మన పిల్లల చామనఛాయ మీదా నలుపు మీదా ఎరుపు తేలిగ్గా తెలియదు. పుస్తకాల్లోనూ ఫోన్లలోనూ కనిపించే బొమ్మలు చాలావరకు తెల్లతోలువి, వాటితో పోల్చి తేల్చకండి. చేత్తో నిమిరితే గరుకు తెలుస్తుంది. అరచేతులు, అరికాళ్లు, కింది కనురెప్ప లోపలి భాగం చూడండి. గాజుగ్లాసు పక్కభాగాన్ని చర్మానికి ఆనించి నొక్కండి. నొక్కినా మాయం కాని ఎర్రని, ఊదారంగు చుక్కలుంటే చర్మం కింద రక్తం చిమ్మినట్టు. జ్వరంతో అలా ఉంటే ఆ క్షణమే బయల్దేరాలి. మూడు నెలలు నిండని బిడ్డకైతే దద్దుర్లు ఉన్నా లేకున్నా జ్వరమొస్తే డాక్టరు చూడాల్సిందే. ఏ మందు పడితే ఆ మందు వేయకండి. డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ అసలే వద్దు.

దద్దుర్లను చూసి బిడ్డ గండం గడిచిందని తేల్చకూడదు. జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు దిగింది? దద్దుర్లు మొదట ఎక్కడ లేచాయి? పాలు తాగుతోందా, మూత్రం పోస్తోందా? పిలిస్తే చూస్తోందా? ఆశా కార్యకర్తలూ అంగన్‌వాడీ టీచర్లూ టీకాల రోజున ప్రతి తల్లికీ నేర్పాల్సిన ప్రశ్నలివి. వీటికి జవాబులు కాగితం మీద రాసుకుని వెళ్లిన తల్లి డాక్టరుకు సగం పని తగ్గిస్తుంది. "బయటపడిందిలే" అని ఇంట్లో కూర్చోబెట్టిన పెద్దలు ఆ సగం పనికి కూడా వ్యవధి మిగల్చరు.