ఆకు తిన్నదెవరు?

బాలలూ! సీతాకోకచిలుక జీవిత చక్రం బొమ్మ మీరందరూ గీసే ఉంటారు. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక. నాలుగు బొమ్మలు, నాలుగు బాణాలు, మార్కులూ పడతాయి. కాని ఆ పురుగే మీ పెరట్లో కరివేపాకు మొక్క మీద కనిపిస్తే గుర్తుపట్టగలరా? ఒకప్పుడు నేనే గుర్తుపట్టలేకపోయాను.

2004లో నేను పనిచేసిన బడి తోటలో ఒక కరివేపాకు మొక్క ఉండేది. ఒక సోమవారం చూస్తే చిగుళ్లన్నీ మాయం! తిన్నదెవరో చూడకుండానే పురుగుమందు పొడి తెప్పించి చల్లించాను. మర్నాడు మధ్యాహ్న భోజనం వండే ఆవిడ, చారులోకని మిగిలిన రెబ్బలు కోసుకు వెళుతోంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె "మాస్టారూ, నిన్న దానికి మందు చల్లారు కదా!" అని అరవబట్టి సరిపోయింది. సైన్సు చెప్పే నేను ఆ రోజు తల దించుకున్నాను.

అప్పటినుంచి నా అభిప్రాయం ఒక్కటే. మనం తినే ఆకుల మీద మందు చల్లాలనుకునే ముందు తిన్నదెవరో తేల్చాలి. తేల్చితే, పెరటి మొక్కల విషయంలో చాలాసార్లు మందు అక్కరే ఉండదు.

తేల్చడం కష్టమా? కాదు. కరివేపాకు లేత ఆకుల మీద విడివిడిగా, ఆవగింజకన్నా చిన్నగా, లేత పసుపు గుడ్లు కనబడితే అవి నిమ్మజాతి సీతాకోకచిలుకవి. వాటినుంచి వచ్చే పిల్లపురుగు నలుపు, తెలుపు మచ్చలతో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. అందుకే పిట్టలు దాని జోలికి అంతగా రావు, మన కంటికీ ఆనదు! పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకి చూడండి. తల వెనుకనుంచి నారింజ రంగు కొమ్ముల జంట బయటికి వచ్చి ఘాటైన వాసన కొడుతుంది. ఇది పగలే ఆకు మీద దొరుకుతుంది. చేత్తో తీసి పెద్ద నిమ్మచెట్టు మీద వదిలితే సరి.

పుదీనా మడిలో కథ వేరు. అక్కడ పొగాకు లద్దెపురుగు వస్తుంది. దీని తల్లి రెక్కలపురుగు వందలకొద్దీ గుడ్లను ఒకే ముద్దగా పెట్టి, గోధుమరంగు నూగుతో కప్పుతుంది. పిల్లపురుగులు గుంపుగా చేరి ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి. ఆకు పలచటి కాగితంలా మిగులుతుంది. అలాంటి ఆకు కనబడిన రోజే దాన్ని తుంచి సబ్బునీళ్లలో వేస్తే మడి బతుకుతుంది. ఆలస్యం చేస్తే పురుగులు పెరిగి చెదిరిపోతాయి; పగలు మట్టిలో దాక్కుని రాత్రి తింటాయి. "పురుగే లేదు, ఆకు మాత్రం పోతోంది" అనిపిస్తే రాత్రి టార్చిలైటు వేసి చూడండి.

కొత్తిమీర మీద నడుము పైకెత్తి, కొలత కొలుస్తున్నట్టు నడిచేది మరో రకం. పురుగు కనబడకపోయినా ఆకుల మీద నల్లటి పెంటికలు ఉంటే, దాని పైరెమ్మల్లో వెతకండి.

"ఎకరాలకొద్దీ సాగుచేసే రైతుకు ఒక్కొక్క పురుగునూ ఏరే తీరిక ఉంటుందా?" అని పెద్దలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అలాంటి చోట మందు అవసరం కావచ్చు. కాని ఏ పురుగో తెలియకపోతే ఏ మందు వాడాలో, కోతకు ఎన్నాళ్లు ఆగాలో ఎలా తెలుస్తుంది? 2014లో యూరోపియన్ యూనియన్ మన దేశపు కరివేపాకు దిగుమతికి ప్రత్యేక నిబంధనలు పెట్టింది. కారణం పురుగుమందుల అవశేషాలే. ఆ ఆకునే మన పిల్లలూ తింటున్నారని మరువరాదు.

అందుచేత ఉపాధ్యాయులకు నా మనవి: జీవిత చక్రం పాఠాన్ని నల్లబల్ల దగ్గర కాక కరివేపాకు మొక్క దగ్గర చెప్పండి. పిల్లలూ, మీరు ఒక పురుగును వెడల్పు మూతి సీసాలో ఉంచి, మూతికి దోమతెర గుడ్డ కట్టి, రోజూ తాజా ఆకు వేయండి. రెండు మూడు వారాల్లో ప్యూపా అవుతుంది. నలుపు, పసుపు రెక్కలతో అది బయటికి వచ్చిన రోజున ఎగరనివ్వండి. ఆ తరువాత బొమ్మ గీయండి. చూసి గీసిన బొమ్మ మరచిపోరు.