సన్న ఉంగరాల జుట్టు చేసిన పాపమేంటి?

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్ల ముందు ఓ పూట నిలబడి చూడండి. నల్లరాతిలో నరసింహస్వామి తయారవుతుంటాడు. ఒళ్లు, చేతులు, శంఖుచక్రాలు తేలేదాకా ఉలి దెబ్బలు గట్టిగా, చకచకా పడుతుంటాయి. జూలు దగ్గరికొచ్చేసరికి చప్పుడే మారిపోతుంది. శిల్పి సన్న మొన ఉలి అందుకుంటాడు. సుత్తితో కొట్టడు, తడతాడు. ఒక్కో పాయను చెవి పక్కన మొదలుపెట్టి, భుజం మీద సుడి తిప్పి, కొస దగ్గర మళ్లీ పైకి లేపుతాడు. ఒక రింగు పైకి తేలితే పక్కది లోపలికి దిగాలి, రెంటి నడుమ నీడ పడాలి. మధ్య మధ్యలో దుమ్ము ఊది, తడిగుడ్డతో తుడిచి, తల పక్కకు వంచి చూసుకుంటాడు. ఈ ఊరి రాతిపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఇక్కడ చెక్కిన విగ్రహాలు అమెరికా గుళ్ల దాకా పోతున్నాయి. ఆ రింగులకు ఇక్కడా అక్కడా హారతులు పడుతున్నారు.

అదే వీధిలో అవే రింగులు తలమీద పెట్టుకుని పోయే ఆడపిల్లను మాత్రం ఎవరో ఒకరు ఆపుతారు. "ఏమ్మే, పొద్దున తల దువ్వుకోలేదా?"

దువ్వుకుంది. దువ్వుకుంది కాబట్టే అట్లా ఉంది.

నా గోడు ఉంగరాల జుట్టంతటి గురించీ కాదు. ఒత్తుగా, బరువుగా ఉండే రింగుల జుట్టుకు కాస్త మంచిరోజులే వచ్చాయి. 2011లో 'అలా మొదలైంది'లో నిత్యా మేనన్, ఆ తర్వాత 'ప్రేమమ్'లో అనుపమా పరమేశ్వరన్ జుట్టు విరబోసుకుని కనబడ్డాక దానికీ అభిమానులు పుట్టారు. అసలు రాయలసీమవాళ్లకు రింగుల జుట్టు కొత్తేం కాదు. పుట్టపర్తి సాయిబాబా ఫొటోకు దండం పెట్టుకుని, వెనక్కి తిరిగి మనవరాలి తల చూసి మూతి తిప్పిన పెద్దమ్మలను నేనెరుగుదును. ఇంకా వెనక్కి పోతే అమరావతి, నాగార్జునకొండ బుద్ధుడి తల మీద ఉన్నవన్నీ కుడివైపు తిరిగిన బుల్లి బుల్లి సుడులే. మహాపురుష లక్షణమట. రాతికైతే లక్షణం, మనిషికైతే అవలక్షణం!

నేను మాట్లాడేది సన్నటి ఉంగరాల జుట్టు గురించి. వేలికి చుట్టుకుంటే చుట్టుకున్నట్టే తెలియనంత పలచన వెంట్రుక. తడిగా ఉంటే వీపు మధ్యకు దిగుతుంది, ఆరితే మెడ దగ్గరికి ఎక్కి కూర్చుంటుంది. జడ వేస్తే ఎలుక తోక అంటారు, వదిలేస్తే పిచ్చుక గూడు అంటారు. పెళ్లిచూపుల నాడు సవరం పెట్టి దాచేద్దామంటే సవరమేమో నిటారు వెంట్రుకలది, మన రింగులేమో దానితో కలవవు. అతికించిన చోటు ఆమడ దూరం నుంచి తెలుస్తుంది. ఈ జుట్టుకు నా అన్నవాళ్లు లేరు.

ఆ మధ్య కొసలు కత్తిరించుకుందామని నంద్యాలలో ఒక పార్లర్‌కు పోయాను. కుర్చీలో కూర్చున్నానో లేదో, అక్కడి అమ్మాయి ఒక పాయ వేళ్ల మధ్య పట్టుకుని, "చాలా డ్యామేజ్ అయింది మేడమ్, స్మూతనింగ్ చేయించుకోండి" అంది. డ్యామేజ్ ఏం కాలేదమ్మా, పుట్టినప్పటి నుంచీ ఇంతే అన్నాను. "అయితే తప్పకుండా చేయించుకోవాలి మేడమ్" అంది. ఆ పిల్లను ఏమనడానికి లేదు. తనకు నేర్పిన పాఠంలో ఈ జుట్టు ఒక జబ్బు, దానికి ఒకటే మందు.

జబ్బు కాదు. వెంట్రుక వంపు తిరగడమంటే అది మొలిచే కుదురు తీరు. చర్మం కింద కుదురు వంగి ఉంటే వెంట్రుక వంపుతోనే బయటికొస్తుంది. మహానందిలోనో అహోబిలంలోనో పుట్టువెంట్రుకలు తీయించిన తల్లికి, "ఇంకో రెండుసార్లు గుండు కొట్టించు, నున్నగా వస్తుంది" అని చెప్పే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. కత్తి చర్మం పైన తిరుగుతుంది పెద్దమ్మా, కుదురు కింద ఉంది.

సన్నదనం ఇంకో సంగతి. మనిషి వెంట్రుక మందం సుమారుగా 50 నుంచి 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు మించదు. 60కి లోపున్నదాన్ని సన్న రకమనుకోవచ్చు. అది చిన్న లాగుడుకే తెగుతుంది, కొద్ది నూనెకే వాలిపోతుంది. మాడు మీద ఊరే జిడ్డు నిటారు వెంట్రుక మీద కొస దాకా జారుతుంది గానీ మెలికల మీద జారలేదు. దాంతో కుదుళ్ల దగ్గర జిడ్డు, కొసల దగ్గర పీచు. రెండు కష్టాలూ ఒక తలకే. నిటారు జుట్టువాళ్ల షాంపూ వాడితే కొసలు ఎండుతాయి. ఒత్తు రింగులవాళ్లు చెప్పే వెన్నలాంటి క్రీములు రాస్తే ఉన్న రింగులు కాస్తా మాడుకు అంటుకుపోతాయి. మన ఇళ్లలోనేమో పిల్లకు శ్రద్ధ తీసుకోవడమంటే దోసిట్లో ఆముదం పోసి నెత్తిన మర్దించడమే. ఆ జిడ్డు తలతోనే బిగించి రెండు జడలు, రిబ్బన్లు, బడి. సన్న వెంట్రుకను రోజూ అట్లా లాగి కడితే కణతల దగ్గర ఊడిపోతుంది. ఊడితే మళ్లీ ఆముదం!

దీనికితోడు మా దిక్కు నీళ్లు. బేతంచెర్ల, పాణ్యం, కొలిమిగుండ్ల అంతా సున్నపురాయి నేల. మన ఇళ్లలో పరుచుకున్న బండలు, ఆ సిమెంటు ఫ్యాక్టరీలు దాని చలవే. ఆ రాతి పొరల్లోంచి ఊరి బోర్లలోకి కాల్షియమూ వస్తుంది. బకెట్ అంచున తెల్లటి చార, గీజర్ కాయిల్‌కు పట్టే పెచ్చు చూడలేదా, అదే. ఈ నీళ్లలో సబ్బు రుద్దితే నురగ బదులు తెల్లటి మడ్డి పేరుకుంటుంది. లావు వెంట్రుక దాన్ని మోస్తుందేమో, సన్నటిది మోయలేదు. పైన నంద్యాల ఎండలు. వేసవిలో రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసిన ఊళ్ల పేర్లలో మా ఊరి పేరు తప్పకుండా వినిపిస్తుంది. పొడిగాలికి ముందు ఎండేవి ఈ కొసలే.

చిత్రమేమిటంటే, ఈ నీళ్లకు విరుగుడు ఇదే జిల్లాలో ఉంది. కుంకుడులో నురగనిచ్చే సాపోనిన్లు సబ్బు మాదిరి కాల్షియంతో కలిసి మడ్డి కట్టవు. సబ్బు క్షారం, కుంకుడు రసం కాస్త పులుపు గుణం కలది. పులుపు గుణమున్న నీళ్లలో వెంట్రుక మీది పొలుసులు లేవకుండా పడుకుంటాయి. నల్లమల చెంచులు ఏరి తెచ్చే అడవి సరుకులో కుంకుళ్లు, సీకాయ ఉంటాయి, గిరిజన సహకార సంస్థ కొంటుంది. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని చేసుకున్నవాడు, చెంచులకు ఇంటల్లుడు. అత్తగారింటి కుంకుళ్లతో తలంటించుకునే ఉంటాడు. లేకపోతే ఆ జూలు అన్ని యుగాలు నిలుస్తుందా!

అయితే కుంకుడును కూడా ఇష్టమొచ్చినట్టు పోసుకుంటే ఈ జుట్టు తట్టుకోదు. ఘాటెక్కువ. మా అవ్వకు ఆ కొలత తెలుసు. రాత్రే గింజలు తీసి తొక్కలు వేడినీళ్లలో నానేసేది. పొద్దున పెరట్లో మందారాకులు కోసి గిన్నె నీళ్లలో చేత్తోనే పిసికేది. కాసేపటికి నీళ్లు చిక్కబడి, చెయ్యి పైకెత్తితే వేళ్ల నుంచి తీగ సాగేది. పలచటి కుంకుడు రసం మాడుకు మాత్రమే. కొసలకు మందారం జిగురు. ఆ జిగురు మీదుండగానే కింది నుంచి పైకి వేళ్లతో చిక్కు తీసేది. అప్పుడు దువ్వెన ముట్టుకుంటే చెయ్యి మీద ఒకటి వేసేది. ఆఖరున తాత పాత నూలు పంచె తలకు అదిమి నీళ్లు పీల్చనిచ్చి, "ఇంగ ఆరేదాకా ముట్టుకోవద్దు మే" అనేది. రుద్దడం లేదు, దులపడం లేదు.

అవ్వ చెప్పినదాంట్లో శాస్త్రం ఉంది. నీళ్లు తగలగానే వెంట్రుక లోపలి హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, ఆరేటప్పుడు ఏ రూపంలో ఉంటే ఆ రూపంలోనే మళ్లీ ముడిపడతాయి. కదపకుండా వదిలేస్తే రింగు రింగుగానే ఆరుతుంది. ఆరినాక దువ్వితే రింగు విడిపోయి ఏ వెంట్రుకకు ఆ వెంట్రుక లేచి నిలబడుతుంది. ఆళ్లగడ్డ వీధిలో ఆ పిల్లకు జరిగింది అదే. స్నానానికి ముందు ఓ చెంచాడు కొబ్బరినూనె రాయడమూ ఊరికే పెట్టుకున్న అలవాటు కాదు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగి ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో ముంబయి పరిశోధకులు ప్రచురించారు. ఆకుల జిగురు పేరు జెల్ అయింది, నూలు పంచె బదులు పాత టీషర్టు వచ్చింది. హైదరాబాద్‌లో ఇదంతా వేలకు వేలు తీసుకుని నేర్పిస్తున్నారు. మా ఇళ్లలో ఊరికే దొరికే విద్యను మేమే పారేసుకున్నాం.

పారేసుకుని దేన్ని తెచ్చుకున్నాం? మందు పూసి, 200 డిగ్రీల చుట్టుపక్కల కాలే ఇనుముతో అదిమి, జుట్టును చాప చేసే పద్ధతిని. శాశ్వతంగా నిటారు చేసే కొన్ని మందులు వెంట్రుకకు వెన్నెముక లాంటి గంధకపు బంధాలనే తెంచి మళ్లీ అతుకుతాయి. సన్నటి వెంట్రుకకు తెగడానికి సగం దారి అక్కడే అయిపోతుంది. అంతా చేసినా కుదురు మారదు కదా, నెలకు సెంటీమీటరు లెక్కన రింగులే మొలుస్తాయి. మళ్లీ పార్లర్, మళ్లీ బిల్లు.

బిల్లుతో పోతే సరే. ఇలాంటి కొన్ని మందులను వేడి చేస్తే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. అది లేదు, గ్లయాక్సిలిక్ ఆమ్లం వాడుతున్నాం అంటారా? ట్యునీసియాలో 26 ఏళ్ల యువతి అది కలిసిన క్రీముతో మూడుసార్లు జుట్టు నిటారు చేయించుకుంటే మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయని 2024లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' రాసింది. అంతకు రెండేళ్ల ముందు, 33,497 మంది అమెరికా మహిళలను పదేళ్లకు పైగా గమనించిన పరిశోధన, ఏడాదిలో నాలుగు సార్లకు మించి ఈ మందులు వాడినవాళ్లలో గర్భాశయ క్యాన్సర్ రెట్టింపు కంటే ఎక్కువ కనబడిందని చెప్పింది. ఆ లెక్క సంబంధాన్ని చూపింది గానీ కారణాన్ని రుజువు చేయలేదు, నిజమే. అయినా పెళ్లి ముహూర్తం పెట్టుకోగానే కూతురిని పార్లర్‌కు తోలే తల్లి చెవిన ఈ ముక్క ఒక్కసారైనా పడాలి కదా?

జుట్టు తీరును బట్టి బడిలో, కొలువులో చిన్నచూపు చూడకూడదని కాలిఫోర్నియా 2019లో చట్టమే చేసుకుంది. మనకు చట్టాల దాకా ఎందుకు? నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. ఆఫీసులొచ్చాయి, పార్లర్లు పెరిగాయి. మహిళా సంఘాలకు బ్యూటీషియన్ శిక్షణ ఇచ్చేవాళ్లు అందులో ఒక్క రోజు ఈ జుట్టుకు కేటాయించండి. బడి పంతులమ్మలు, పిల్ల తలకు నూనె కారడం లేదని బయట నిలబెట్టకండి, వదులుగా ఒక జడ వేసుకురానివ్వండి. మందారాకు, కుంకుడు పొడి చేసి పొట్లాలు కట్టే సంఘం ఒకటైనా ఆళ్లగడ్డలో లేస్తే మొదటి గిరాకీ నాదే.

పార్లర్ అమ్మాయికి కూడా ఒక మాట. ఈసారి నేనొస్తే జుట్టు తడిపి, లాగి, గీత గీసినట్టు కత్తిరించకు తల్లీ. తడిలో సమంగా కనబడింది ఆరినాక ఒక పక్క చెవి దగ్గరా ఇంకో పక్క గడ్డం దగ్గరా తేలుతోంది. పొడిగా ఉన్నప్పుడే, ఏ రింగు ఎక్కడ తిరుగుతుందో చూసుకుని, దాని కొస మాత్రం తియ్యి. గంట పట్టినా కూర్చుంటాను. స్మూతనింగ్‌కు ఎంత తీసుకుంటావో అంతా ఇస్తాను.