మంత్రగత్తెలు - చిత్రకారులు

చిత్రకళ కేవలము వినోదమని పలువురు తలంతురు. అక్షరము నెఱుగనివానికిని చిత్రము బోధ చేయును. కావున దానివలని మేలు గొప్పది, కీడును గొప్పదియే. ఐరోపాఖండమున వెలసిన మంత్రగత్తెల చిత్రము లిందుకు నిదర్శనములు.

1510వ సంవత్సరమున హాన్స్ బాల్డుంగ్ అను జర్మను చిత్రకారుడు కొయ్యపై జెక్కి యచ్చొత్తించిన చిత్రమున దిగంబరలగు స్త్రీలు పొగలు గ్రక్కు కుండచుట్టును గూర్చుండిరి. ఒకతె మేకపై వెనుదిరిగి కూర్చుండి యాకసమున బోవుచున్నది. రేఖలనేర్పు కొనియాడదగినదే. కాని యిట్టి చిత్రములవలన జనుల భీతికొక రూప మేర్పడెను. రూప మేర్పడినపిదప దానికి దగిన మనిషిని వెదకుట యెంతపని? ఆ నేరము మోపబడి యాకాలమున ఐరోపాలో బ్రాణములు గోల్పోయినవారు 40,000 మొదలు 60,000 వఱకు నుందురని చరిత్రకారుల లెక్క. వారిలో బెక్కురు స్త్రీలు. చిత్రమే వారిని జంపెనని మేమనము. చంపువారి భ్రమకు బలము చేకూర్చెనని మాత్రము చెప్పక తప్పదు.

ఆ వస్తువునే స్పెయినుదేశీయుడగు గోయా చేపట్టి వేఱొకదారి నడపెను. 1799లో నతడు ప్రకటించిన 80 చిత్రముల సంపుటమున మంత్రగత్తెలును పిశాచములును గలవు. కాని యందు నవ్వులపాలైనది నమ్మువారి మౌఢ్యమును, దానిపై బ్రతుకువారి దంభమును. 43వ చిత్రమున నొక మనుజుడు బల్లపై దలవాల్చి నిద్రించుచుండ, గుడ్లగూబలును గబ్బిలములును వానిని మూగినవి. వివేకము నిద్రించిన భూతములు పుట్టునని దాని భావము. ఇంక్విజిషనను మతవిచారణాధికార మింకను బ్రతికియున్న దినములవి. అది తుదకు రద్దయినది 1834లో, గోయా గతించిన యాఱేండ్లకు. అట్టి తరుణమున నతడు చూపిన ధైర్యము సామాన్యము గాదు.

ఇది పరదేశపు ముచ్చటయని త్రోసివేయరాదు. చేతబడి, బాణామతి, చిల్లంగి యను నెపములతో నిస్సహాయులు కొట్టబడుటయు జంపబడుటయు తెలుగునాట నేటికిని వినవచ్చుచున్నది గదా! మన చలనచిత్రములో, కపాలములు, నిమ్మకాయలు, ముగ్గులు చూపి ప్రేక్షకుల భీతిని సొమ్ము చేసికొనుచునే యున్నవి. బీహారు 1999లోను, మహారాష్ట్రము 2013లోను ఇట్టి దురాచారములపై శాసనములు గావించినవి. శాసనము కొట్టవచ్చిన చేతిని బట్టగలదు. మనస్సులోని బొమ్మను జెరుపజాలదు. బొమ్మను జెరుపవలసినది మఱియొక బొమ్మయే.

కావున కుంచె పట్టువారును, చిత్రములు దీయువారును తాము బాల్డుంగు త్రోవ ద్రొక్కుచున్నారో, గోయా త్రోవ ద్రొక్కుచున్నారో విచారించుకొందురు గాక. గ్రామములలో మాట చెల్లుబడిగల పెద్దలును, ఒక దిక్కులేని ముదుసలిపై వ్రేలు చూపబడిననాడు, మౌనము వహింపక యా వ్రేలిని దింపింతురు గాక. అదియే మా కోరిక.