బొంబాయిలో కాపలాదారు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్స్‌రే గది

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా రోడ్డుకు రెండు పక్కలా బోర్డులు చదువుకుంటూ నడవండి. కోచింగ్ సెంటర్ల బోర్డుల నడుమ ఎక్స్‌రే, సీటీ స్కాన్, మామోగ్రామ్ అని రాసిన బోర్డులు వరసగా కనపడతాయి. మాల్, దేవరకొండ, నల్లగొండ, సూర్యాపేట దిక్కు నుంచి బస్సెక్కి వైద్యానికి వచ్చే జనానికి పట్నంలో మొదట తగిలే ఆస్పత్రుల బజారు ఇదే. ఊర్లో ఆర్‌ఎంపీ చీటీ రాస్తాడు, ఇక్కడ ఫిల్మ్ తీస్తారు, కమీషన్ ఎటు పోవాలో అటు పోతుంది. ఆ లెక్క ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇప్పుడు మేము అడిగేది వేరే. ఆ ఎక్స్‌రే గది లోపల ఎవరున్నారు?

రిపోర్టు మీద సంతకం పెట్టే డాక్టరు ఆ గదిలో ఉండడు. మీట నొక్కే టెక్నీషియన్ అడ్డుగోడ వెనక ఉంటాడు. రోగిని బండి మీద తోసుకొచ్చి, బల్ల ఎక్కించి, ముసలమ్మ నిలబడలేకపోతే రెండు భుజాలు పట్టుకుని, చంటిపిల్ల గింజుకుంటే కాళ్లూ చేతులూ అదిమి పట్టుకుని నిలబడేది ఆయా, వార్డుబాయ్. వీళ్లు ఏ వాడల నుంచి వస్తారో ఈ పత్రిక చదివేవాళ్లకు వేరే చెప్పాలా? ఊర్లో చచ్చిన గొడ్డును ఎత్తినోళ్ల బిడ్డలు పట్నమొచ్చి రోగిని ఎత్తుతున్నారు. ముట్టుకునే పని ఎక్కడికి పోయినా మనదే.

వీళ్లను కాపాడే చట్టం లేదా అంటే, ఉంది. ముందు అది తెలుసుకోవాలె. 2004లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన రేడియేషన్ రక్షణ నిబంధనలున్నాయి. అనుమతి లేకుండా ఎక్స్‌రే యంత్రం నడపకూడదు. 18 ఏళ్లు నిండని వాళ్లను ఆ పనిలో పెట్టకూడదు. పనిచేసేవాళ్ల ఒంటి మీద ఎంత కిరణం పడుతున్నదో కొలిచే బ్యాడ్జి ఇవ్వాలె. ఈ కొలతను మిల్లీసీవర్ట్ అంటారు. రేడియేషన్ పనిలో ఉన్న మనిషికి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులు దాటకూడదు, బయటి జనానికి 1 దాటకూడదు అని హద్దు గీశారు.

మరి మన ఆయా ఏ లెక్కలోకి వస్తుంది? రేడియేషన్ పనిమనిషి అంటే బ్యాడ్జి ఇవ్వాలె. బయటి మనిషి అంటే మీట నొక్కేటపుడు ఆమెను గదిలో ఉంచనే కూడదు. ఆమెకు బ్యాడ్జీ ఉండదు, గదిలోంచి బయటికీ పంపరు. ఇంకో సంగతి వినండి. ఎక్స్‌రే తీసేటపుడు పిల్లలనో లేవలేని రోగులనో పట్టుకోవలసి వస్తే వాళ్ల వెంట వచ్చిన పెద్దవాళ్లే పట్టుకోవాలి, సిబ్బంది పట్టుకోకూడదు, పట్టుకున్నవాళ్లకు సీసపు ఏప్రన్ తొడగాలి అని నియంత్రణ మండలి రాసిన భద్రతా నియమావళిలో స్పష్టంగా ఉంది. ఎందుకంటే రోగి ఒక్కసారి వచ్చిపోతాడు, సిబ్బంది రోజూ అక్కడే ఉంటారు. ఎంత తెలివైన నియమం! ఇది ఇంగ్లీషులో ఉంది. ఆయాకు ఎవరూ చదివి వినిపించలేదు.

జనాన్ని భయపెట్టడం మా పని కాదు. దగ్గు తగ్గకపోతే, టీబీ అనుమానముంటే ఎక్స్‌రే తీయించుకోవాల్సిందే. ఛాతీ ఎక్స్‌రే ఒక్కదానికి ఒంటి మీద పడేది మిల్లీసీవర్టులో పదో వంతు కూడా ఉండదు. కడుపు సీటీ స్కాన్ అయితే పది మిల్లీసీవర్టుల దాకా పోతుంది, అందుకే అది డాక్టరు నిజంగా అవసరమన్నపుడే. అల్ట్రాసౌండులో, ఎంఆర్‌ఐలో ఈ కిరణమే లేదు. మీట నొక్కిన ఆ క్షణంలోనే ఎక్స్‌రే పుడుతుంది, మీట వదిలితే గదిలో ఏమీ మిగలదు. కాబట్టి గది తుడిచేవాళ్లకు తుడవటం వల్ల వచ్చే ముప్పు లేదు. ముప్పు ఎక్కడున్నదంటే, కిరణం రోగి ఒంటికి తగిలి చుట్టూ చెదురుతుంది. పక్కన పట్టుకుని నిలబడిన మనిషి మీద కొంత పడుతుంది. ఒకసారికి అది చిన్నదే. రోజుకు అయిదారు సార్లు, ఏడాదికి మూడు వందల రోజులు, పదేళ్లు పడితే ఎంతయింది? బ్యాడ్జి ఉంటేనే గదా చెప్పేది. లెక్కే కట్టని ఒంటికి హద్దు దాటడమనేది ఎట్లా ఉంటది!

ఈ నిబంధనలు అమలు చేయవలసింది అణుశక్తి నియంత్రణ మండలి. 1983 నవంబరు 15న కేంద్రం ఒక ఉత్తర్వుతో దీన్ని పెట్టింది. ఆఫీసు బొంబాయిలో, అణుశక్తినగర్‌లో. అణు కర్మాగారాలు నడిపే వాళ్ల పై పెద్దమనిషే అణుశక్తి కమిషన్ అధ్యక్షుడు. ఈ మండలి జవాబు చెప్పవలసింది ఆ కమిషన్‌కే. దొర పొలానికి కావలివాణ్ణి పెట్టి, దొర గొడ్లు పక్కోడి చేలో పడ్డా దొరకే చెప్పుకోమన్నట్టు.

ఇది మా నోటిమాట కాదు. 2012లో కాగ్ ఈ మండలి పనిని తనిఖీ చేసి పార్లమెంటుకు నివేదిక ఇచ్చింది. దేశంలో 57,443 వైద్య ఎక్స్‌రే యూనిట్లు లెక్క తేలితే మండలి దగ్గర నమోదైనవి 5,270. మిగతా 52,173, అంటే నూటికి 91, ఏ నమోదూ లేకుండా నడుస్తున్నాయని రాసింది. తప్పు చేసిన వాడికి వేయగల జరిమానా ఎక్కువలో ఎక్కువ 500 రూపాయలని, అది ఎవరినీ ఆపదని కూడా రాసింది. అయిదు వందలు! రోగి ఒకటి రెండు ఫిల్ములకు కట్టే డబ్బు అది. ఆ తర్వాత నమోదులు పెరిగాయి, దరఖాస్తులు కంప్యూటర్ మీదికి వచ్చాయి, కాదనం. కానీ కాగితం మీద నమోదైన యంత్రం పక్కన ఎవరు నిలబడ్డారో బొంబాయికి కనపడదు.

ఆస్పత్రులు రాష్ట్రం కింద ఉండాలె గదా అని మీరు అడగొచ్చు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు తీసి చూడండి. కేంద్ర జాబితాలో 6వ నంబరు అణుశక్తి. రాష్ట్ర జాబితాలో 6వ నంబరు ప్రజారోగ్యం, ఆస్పత్రులు. రెండూ ఆరే! ఎక్స్‌రే గది గోడలు రాష్ట్రానివి, లోపలి కిరణం కేంద్రానిది. నడుమ నిలబడ్డ ఆయా ఎవరికీ చెందదు. ఈ సందు పూడ్చటానికే 2001లో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో ఒక రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ పెట్టమన్నది. పదకొండేళ్ల తర్వాత కాగ్ చూస్తే పెట్టినవి రెండే రాష్ట్రాలు, కేరళ, మిజోరం. హైటెక్ అని ఊదరగొట్టిన మన ఉమ్మడి రాష్ట్రం ఆ రెండిట్లో లేదు.

ఎందుకిట్లయిందని అడిగితే మూలం చట్టంలోనే ఉంది. 1948లో అణుశక్తి బిల్లు రాజ్యాంగ సభ ముందుకొచ్చినపుడు మైసూరు సభ్యుడు కృష్ణమూర్తి రావు లేచి, ఇంగ్లండులో గోప్యత బాంబు పనులకే ఉంది, ఇక్కడ శాంతి పనులకు కూడా ఎందుకని అడిగాడు. రెండిటినీ విడదీయటం ఎట్లాగో తెలియదన్నాడు నెహ్రూ. ఆ జవాబు మీదే కట్టిన ఇల్లు 1962 అణుశక్తి చట్టం. దాని 18వ సెక్షను సమాచారం దాచుకునే అధికారం ఇచ్చింది. 26వ సెక్షను ప్రకారం, నేరం జరిగిందని కోర్టుకు పోవాలంటే కేంద్రం అధికారమిచ్చిన మనిషే రాతమూలకంగా ఫిర్యాదు చెయ్యాలి. ఒంటి మీద కిరణం పడ్డ మనిషికి ఆ హక్కు లేదు.

దీన్ని 1989 అట్రాసిటీ చట్టం పక్కన పెట్టి చూడండి. కారంచేడు నెత్తురు ఆరకముందే దేశమంతా లేచిన గొంతుల వల్ల అది వచ్చింది. దానిలో ఎన్ని కంతలున్నా, దెబ్బతిన్నవాడు ఠాణాకు పోయి కేసు రాయమని అడగొచ్చు. డ్యూటీ చేయని అధికారి మీద కూడా 4వ సెక్షను కింద కేసు పెట్టొచ్చు. అందుకే అది ఎంతో కొంత పనికొచ్చింది. అణు చట్టం అట్లా కాదు, మనం ముట్టుకోవటానికే వీల్లేని చట్టం. భూమి, ఆత్మగౌరవం గురించి రాసే పత్రికకు ఈ కిరణాల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అంటున్నారు. ఇందుకే.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో జరిగింది గుర్తు చేసుకోండి. ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో ఏళ్ల తరబడి మూలనపడిన యంత్రాన్ని పాత సామాన్ల కింద వేలం వేశారు. లోపల కోబాల్ట్-60 ఉంది. చదువుకున్నవాళ్లు అమ్మారు, చదువులేని చేతులు దాన్ని విప్పాయి. ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. మన దగ్గర పాత ఇనుము కొట్లలో పనిచేసే తమ్ముళ్లకు మేము చెప్పేది ఒక్కటే. పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు కనపడితే సుత్తి దించండి, దూరం జరగండి, పదిమందికి చెప్పండి.

ఇక ఎల్‌బీ నగర్ నల్లా దగ్గరికి వద్దాం. సాహెబ్‌నగర్ రిజర్వాయరుకు వచ్చే కృష్ణా నీళ్లు ఎక్కడివి? నాగార్జునసాగర్ నుంచి అక్కంపల్లి రిజర్వాయరుకు, అక్కడ నుంచి కోదండాపురంలో శుద్ధి అయ్యి, నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తాయి. 2004 నుంచి ఈ నీళ్లు పట్నం తాగుతున్నది. అదే సాగర్ జలాశయం ఒడ్డున లంబాపురం, పెద్దగట్టుల్లో యురేనియం తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ వచ్చింది. రాయిని శుద్ధి చేసే మిల్లును మొదట అక్కంపల్లికి దగ్గర్లోని మల్లాపురంలో అనుకుని, గొడవయ్యాక శేరిపల్లికి మార్చింది. 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. తండాల లంబాడీలు వద్దంటే వద్దన్నారు. ఆ గని తెరుచుకోలేదు. 2019లో అమ్రాబాద్ పులుల అడవిలో వెతుకుతామన్నపుడు చెంచులు అడ్డం నిలబడ్డారు, వాళ్ల వెనక రాష్ట్రమంతా కదిలింది, సెప్టెంబరు 16న అసెంబ్లీ తీర్మానం చేయక తప్పలేదు. మన నల్లాలో నీళ్లు ఇవ్వాళ నిర్భయంగా తాగుతున్నామంటే అణు చట్టం దయ వల్ల కాదు, ఆ తండాల, ఆ పెంటల పుణ్యం. ఎల్‌బీ నగర్ కాలనీ సంఘాలకు ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

తవ్విన చోట ఏమయిందో కడప జిల్లా తుమ్మలపల్లె పోయి చూడొచ్చు. అక్కడ వెయ్యి కిలోల రాయి పిండితే అరకిలో యురేనియం కూడా రాదు. అది మన మౌలాలి దగ్గర 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకు వస్తుంది. మిగిలిన బురదంతా అక్కడి చెరువులోనే. కె.కె. కొట్టాల రైతులు బోర్లు పాడయ్యాయి, అరటి తోటలు మాడిపోయాయి అని మొత్తుకుంటే, మా వల్ల కాదంటుంది కార్పొరేషన్. కొలిచేది ఎవరు? తేల్చేది ఎవరు? మళ్లీ అదే కథ.

లంబాపురంలో మనకు దొరికిన ఆయుధం ఒక్కటే, ప్రజాభిప్రాయ సేకరణ. మైకు ముందుకు పోయి వద్దు అనే హక్కు. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీసు మెమోతో అణు ఖనిజాల గనులకు ఆ సేకరణే అక్కర్లేదన్నది. పార్లమెంటులో చర్చ లేదు, ఓటు లేదు. ఒక మెమో. డిసెంబరులో 1962 చట్టాన్ని రద్దు చేస్తూ కొత్త అణు చట్టాన్ని పార్లమెంటు నాలుగు రోజుల్లో దాటించింది. దాని ముద్దుపేరు 'శాంతి'. ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. నియంత్రణ మండలికి చట్టబద్ధత ఇచ్చింది, ఎన్నో ఏళ్లుగా అందరూ అడిగినదే, ఆ మేరకు మంచిదే అంటాం. కానీ సమాచారం బయటికి పొక్కకుండా ఆపే అధికారం మాత్రం కేంద్రం చేతిలోనే ఉంచుకున్నారు. గని యజమానికి శాంతి, తండాకు మౌనం.

గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఎత్తేసిన జాగాలో టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో పునాది వేశారు. సర్కారు పెద్దాసుపత్రి కాబట్టి మొదట అడగవలసింది అక్కడే. ఎక్స్‌రే, సీటీ గదుల్లోకి పోయే ప్రతి మనిషికి, కాంట్రాక్టు ఆయాతో సహా, బ్యాడ్జి ఇస్తారా? దాని లెక్క ఆమె చేతికి తెలుగులో రాసిస్తారా? గర్భిణి అయితే జీతం కోయకుండా వేరే పనికి మారుస్తారా? ప్రైవేటు సెంటర్లలో అనుమతి పత్రం గల్లాపెట్టె వెనక కాకుండా తలుపు మీద అతికించాలె. సిబ్బంది రోగిని పట్టుకోకూడదనే నియమం దాని కిందనే తెలుగులో, ఉర్దూలో రాయాలె. రాష్ట్ర రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ ఏ వీధిలో ఉందో, అక్కడ ఫోను ఎత్తేదెవరో ఆ గోడ మీదనే ఉండాలె. సంఘాల మిత్రులు ఈ ప్రశ్నలనే సమాచార హక్కు దరఖాస్తులుగా రాసి జిల్లా వైద్యాధికారికి ఒకటి, బొంబాయికి ఒకటి పంపండి. ఏం జవాబు వచ్చినా, అసలు రాకపోయినా, వచ్చే సంచికల్లో అచ్చు వేస్తాం.