పెరిగే పాదానికి తగిన పాదరక్ష

ప్రతి సంవత్సరం జూన్ మాసంలో పాఠశాలలు తెరిచే వేళ చెప్పుల దుకాణాలలో ఒకే మాట వినిపిస్తుంది: "పెరిగే పిల్లవాడు, రెండు సైజులు పెద్దవి ఇవ్వండి." నా కుమారుని విషయంలో ఒకప్పుడు నేనూ ఆ మాట అన్నవాడినే. కొన్ననాడు మడమ జారిన బూటు, వేసవి నాటికి వ్రేళ్లను నొక్కుతుంది. అది కాలికి సరిపోయిన దినాలు బహుస్వల్పం. దీనిని పొదుపు అనుకోవడం పొరపాటని నా అభిప్రాయం.

పాదరక్షాధారణం మన శాస్త్రంలో దినచర్యకు చెందిన విషయం. అది నేత్రాలకు, స్పర్శకు హితమని, బలాన్ని, నడకలో సుఖాన్ని ఇస్తుందని చరకసంహిత సూత్రస్థానం 5వ అధ్యాయంలో చెప్పబడింది. అయితే ఈ గుణాలు సరిపోయిన పాదరక్షకే వర్తిస్తాయి. కరచే చెప్పు పాదరక్ష అనిపించుకోదు.

పెద్దవారి పాదంలో 26 ఎముకలు ఉంటాయి. బాల్యంలో వాటిలో చాలభాగం ఇంకా మృదువైన తరుణాస్థి రూపంలోనే ఉంటుంది. బూటు ఇరుకైనప్పుడు ఆ మెత్తని పాదం ఎదురు తిరగదు, వంగి సర్దుకుంటుంది. అందువల్ల బిడ్డకు చాలమారు నొప్పి తెలియదు. "ఏమీ అనడం లేదు కదా" అని తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. వంకరపోయిన వ్రేళ్లు, లోనికి పెరిగిన గోళ్లు, ఆనెకాయలు తరువాత బయటపడతాయి. అందుచేత బిడ్డ ఫిర్యాదుకై వేచి ఉండక, మనమే కొలిచి చూడాలి.

కొలిచే విధానం సులభం. సాయంకాలానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి గనుక ఆ వేళనే కొలవాలి. బిడ్డను కాగితంపై నిలబెట్టి రెండు పాదాల చుట్టూ గీత గీయాలి. రెండు పాదాలూ సమానంగా ఉండకపోవచ్చు గనుక పెద్దదానినే ప్రమాణంగా తీసుకోవాలి. అన్నింటికంటె పొడవైన వ్రేలికి ముందు సుమారు 1 సెంటీమీటరు ఖాళీ ఉండేట్లు అట్టముక్క కత్తిరించి బూటులో పెట్టండి. అది ముడుచుకుంటే బూటు పనికిరాదు. పైనుండి నొక్కి చూడడం నమ్మదగినది కాదు, అప్పుడు పిల్లలు వ్రేళ్లు ముడుస్తారు. మేజోళ్లతో నడిపించి, మడమ జారడం లేదని చూడాలి. అట్ట వ్రేళ్లు వంగేచోట వంగాలిగాని నడుమ మడతపడకూడదు. అయిదారేళ్ల వరకు మూడు నెలలకొకసారి, ఆపై ఆరు నెలలకొకసారి తిరిగి కొలవాలి.

అన్నగారి పాత బూట్లు తమ్మునికి తొడగడం కూడ మంచిది కాదు. వాటి లోపలి అట్ట అన్న పాదం ఆకారానికి, మడమ అతని నడకకు అనుగుణంగా అరిగి ఉంటాయి.

"ఏటా రెండు జతలు ఎక్కడ కొనగలం?" అని అడిగేవారి బాధ నాకు తెలియనిది కాదు. వారికి నా సలహా ఒకటే. ఖరీదైన ఒక జత మూసిన బూట్ల కంటె, వెనుక పట్టీ, ముందు వెడల్పు ఉన్న చవక శాండల్స్ మేలు. పట్టీని సడలించుకోవచ్చు, గాలి ఆడుతుంది. ఇంటిలో, శుభ్రమైన నేలపై వట్టికాళ్లతో తిరగనివ్వండి. చిన్నపిల్లల అరికాలు చదునుగా కనిపించడం సహజం, ఆరేళ్ల ప్రాంతానికి సాధారణంగా వంపు ఏర్పడుతుంది. రాత్రి గోరువెచ్చని నీటితో పాదాలు కడిగి, వ్రేళ్ల సందులు తుడిచి, అరికాళ్లకు కొద్దిగా నువ్వుల నూనె మర్దించండి. అప్పుడు బొబ్బ, ఎరుపు, ఒరుపు మీ చేతికే తెలుస్తాయి. కుంటినా, నొప్పి తగ్గకున్నా వైద్యునికి చూపాలి.

చివరిగా పాఠశాలల యాజమాన్యాలకు ఒక మనవి. మన ఎండలలో రెక్సిన్ బూట్లు, నైలాను మేజోళ్లు దినమంతా తొడిగి ఉంచితే చెమట ఇంకక వ్రేళ్ల సందులు పాసిపోతాయి. యూనిఫాం నియమంలో శాండల్స్‌కు చోటివ్వండి. బూటు నలుపుగా ఉన్నదా అని చూసే ఉపాధ్యాయుడు, అది సరిపోయినదా అని కూడ ఒకమారు చూస్తే ఎందరో బిడ్డల పాదాలు బాగుపడతాయి.